కొత్తపట్నం దాకా వెళ్ళిన కారు

గుంటూరు,
జనవరి 20

అన్నయ్యకు,

వందనాలు రాయడానికి చెయ్యి రావడం లేదు. నేరుగా విషయంలోకే వస్తున్నాను. అమ్మ జ్ఞాపక కూటానికి రమ్మని వదిన ఫోన్ చేసింది. రాను. ఎందుకు రానో ఫోన్‌లో చెబితే నువ్వు మధ్యలో అరుస్తావు. కాగితం మీద అరవలేవు కాబట్టి చివరిదాకా చదువు.

సమాధి దగ్గర పాస్టరు గారు ప్రార్థన ఇంకా ముగించకముందే ఊరందరి ముందు నువ్వన్న మాట ఇది: "అమ్మను చంపింది ఇదే. ఆస్పత్రికి తీసుకెళ్ళమంటే సముద్రానికి షికారు తీసుకెళ్ళింది." ఏడాదిగా ఆ మాటతోనే నిద్ర లేస్తున్నాను.

ఆ రోజు ఏం జరిగిందో నువ్వు ఒక్కసారి కూడా అడగలేదు. అమ్మ గుండె పట్టుకుని కూలబడినప్పుడు ఇంట్లో ఉన్నది మనిద్దరమే. వదిన స్తుతిని తీసుకుని పుట్టింటికి వెళ్ళింది. "నువ్వూ రా అన్నయ్యా" అన్నాను. "డ్రైవింగ్ నేర్చుకుంది ఎందుకే మరి? నువ్వు పో, నేను వెనకాల వస్తా" అని తాళాలు నా చేతిలో పెట్టి వరండాలో నిలబడ్డావు. కంగారులో నా ఫోను ఇంట్లోనే ఉండిపోయింది. ఒంగోలు రోడ్డు మీద కాలువ వంతెన పడగొట్టి ఉంది, పక్కదారి చూపించారు. ఆ డొంకకి రెండు వైపులా మిరపకాయలు ఆరబోసిన కల్లాలు, ఎటు చూసినా ఒకటే ఎరుపు. రెండు మలుపులు తిరిగేసరికి ఒంగోలు ముందుందో వెనకుందో నాకు తెలియలేదు. కూలీలను అడిగాను. "ఎడంపక్కకి తిరిగి, మళ్ళీ కుడికి పో అమ్మా" అన్నారు. మాటలు గుర్తున్నాయి, ఆ మలుపు ఏదో తెలియలేదు. అమ్మ వెనక సీట్లో "ఇంకెంత దూరమే" అంటూనే ఉంది. ఎలాగో పెద్ద రోడ్డు దొరికింది, దాన్ని దాటాను, ఊరొస్తుందనుకున్నాను. కొత్తపట్నం సముద్రపు ఒడ్డు, వలలు ఆరేసిన ఇసుక వచ్చింది. చేపల ఆటో నడిపే జాన్ బాషా అనే ఆయన తన బండి అక్కడే వదిలేసి, నా పక్కన కూర్చుని ప్రతి మలుపూ చెబుతూ ఒంగోలు చేర్చాడు. అప్పటికే అమ్మ మాట్లాడడం మానేసింది.

నేను చిన్నప్పటినుంచీ ఇంతే. స్నేహితురాళ్ళ వెనకే నడిచి, నవ్వుతూ దాచుకున్నాను. ఇప్పుడు ఇక్కడ మహతి గారనే డాక్టరు దగ్గర పరీక్షలు చేయించుకున్నాను. మెదడు లోతులో హిప్పోకాంపస్ అనే చిన్న భాగం ఉంటుందట. మనం తిరిగిన వీధులన్నీ కలిపి లోపల పటం గీసేది అదే. ఆ పటం చూసుకుని ఎటు వెళ్ళాలో తేల్చేది నుదుటి వెనక భాగం. నాలాంటి వాళ్ళలో ఆ రెండిటి మధ్య పొత్తు సరిగా ఉండదట. స్కాన్‌లో మచ్చ కూడా కనపడదు. చర్చినీ వాటర్ ట్యాంకునీ గుర్తుపట్టే భాగం వేరు, రోజూ నడిచే దారిని అలవాటుగా నడిపించే భాగం వేరు. అవి నాకు బాగానే ఉన్నాయి కాబట్టే ఇన్నేళ్ళూ ఎవరికీ దొరకలేదు. ఒక్క వంతెన కూలితే చాలు, నేను అడవిలో ఉన్నట్టే. "నిర్లక్ష్యం కాదమ్మా, నువ్వు పుట్టిందే ఇలా" అన్నారావిడ. ఆ గదిలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

దారి తెలియదని ఆ రోజు నోరు తెరిచి చెప్పకపోవడం నా తప్పు. ఒప్పుకుంటున్నాను. నీ సంగతేంటి? అది రెండో శనివారం, నీకు బడి లేదు. కారు నీది. ఎందుకు రాలేదు? దీనికి జవాబు రాసేదాకా నాకు అన్న లేడు.

రెబ్కా


ఫిబ్రవరి 2

రెబ్కాకి,

నీ ఉత్తరం సగం చదివి చించేశాను. తర్వాత ముక్కలు ఏరుకుని మిగతా సగం చదివాను. బుద్ధి చెబుదామని నాలుగుసార్లు మొదలుపెట్టాను. కుదరలేదు.

నాకూ దారి తెలియదు.

కారు నాదే, కానీ మీ వదిన పక్కన కూర్చుని మలుపులు చెబితేనే నడుపుతాను. టీచరు పరీక్షకు కూడా నా స్నేహితుడు ప్రకాషే తీసుకెళ్ళాడు. కనిగిరికి హెడ్‌మాస్టరుగా వేస్తే అమ్మను చూసుకోవాలని వంక పెట్టి మానుకున్నాను. ఆ రోజు కారెక్కితే నువ్వు నన్ను దారి అడుగుతావని భయపడ్డాను. ముప్ఫై ఏళ్ళుగా సోషల్ చెబుతూ బోర్డు మీద దేశాల పటాలు గీసేవాడికి ఒంగోలు దారి తెలియదంటే నవ్వరూ? సాయంత్రం ప్రకాష్ బండి మీద నేను ఆస్పత్రికి వచ్చేసరికి అంతా అయిపోయింది. సమాధి దగ్గర ఎవరో "నువ్వెందుకు వెళ్ళలేదు మాస్టారూ" అన్నారు. వాళ్ళ నోరు మూయించడానికి నీ మీద అరిచాను.

ఈ మాట నీకు ఎప్పటికీ రాసేవాణ్ణి కాదు. మొన్న మా స్తుతి కొత్త బడి నుంచి నడిచొస్తూ తప్పిపోయింది. పత్తి చేలల్లో రెండు గంటలు తిరిగింది. దొరికాక "ఎక్కడికి పోయావే" అని బెత్తం ఎత్తాను. "నాకు తెలియదు నాన్నా, ఇల్లు అటు పక్కనుందనుకున్నా" అంది. బెత్తం కింద పడేశాను. నిన్న చర్చిలో ఆరాధన అయ్యాక లేచి నిలబడి, నీ గురించి నేనన్నది అబద్ధమని చెప్పాను. మీ వదిన నాతో ఇంకా మాట్లాడడం లేదు.

పిల్లని ఏం చెయ్యమంటావు?

ఇమ్మానియేలు


గుంటూరు,
ఫిబ్రవరి 9

అన్నయ్యా,

క్షమించానని రాయడం లేదు. అది నా చేతిలో ఉన్నట్టు లేదు. అమ్మ వెనక సీట్లో ఉండగా మనిద్దరం ఎవరి సిగ్గు వాళ్ళం కాపాడుకున్నాం. నువ్వు ఆ పైన నా పరువు కూడా తీశావు. చర్చిలో చెప్పినంత మాత్రాన అది తిరిగి రాదు. జ్ఞాపక కూటానికి రాను.

స్తుతి మీద మాత్రం చెయ్యెత్తకు. ఇది కొన్ని కుటుంబాల్లో ఒకరికి మించి ఉంటుందని మహతి గారు చెప్పారు. పూర్తిగా పోదట. చిన్నప్పుడే తెలిస్తే గుర్తులు రాసుకోవడం, ఆగి చూసుకోవడం నేర్పవచ్చట. శనివారం పదకొండు గంటలకు స్తుతిని చూడడానికి ఆవిడ దగ్గర సమయం తీసుకున్నాను.

వదినతోనో ప్రకాష్‌తోనో పంపితే పిల్లని లోపలికి రానివ్వను. నువ్వే తీసుకురా. బస్సులో రా. గుంటూరులో దిగాక ప్రతి సందు మొదట్లో ఆగి, "అయ్యా, నాకు దారి తెలియదు, కాస్త చెప్పండి" అని అడుగు. పిల్ల చెయ్యి పట్టుకుని, దానికి వినపడేట్టు అడుగు. ఆలస్యమైనా ఫరవాలేదు. డాక్టరు గారిని కూర్చోబెడతాను.

నీ చెల్లెలు,
రెబ్కా