అక్క పేపరుకు పదో సైటేషన్

రాజమహేంద్రవరం

అమ్మకు వందనాలు. నీకంటే ముందే ఈ కార్డు చదివే పోస్ట్‌మాన్ చిట్టియ్య గారు, ఇందులో ఇంత సైన్సు కుక్కినందుకు నన్ను పెద్దమనసుతో క్షమించాలి.

తబితక్క క్షేమం. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతి పుండ్ల మీద తను రాసిన పరిశోధన పేపరును ఏడేళ్లలో తొమ్మిదిమందే తమ పేపర్లలో ప్రస్తావించారని, ప్రమోషన్‌కు అది చాలదన్నారని నువ్వు చర్చిలో ప్రార్థన చేయించావు కదా. పదోది వచ్చింది. కానీ ఆదివారం లేచి సాక్ష్యం చెప్పేయకు. ఆ పదో ఆయన, అక్క చెప్పింది తప్పని రాశాడు. తప్పన్నా లెక్కలోకి వస్తుందట. మనం అంకె అడిగాం గానీ, లోపల ఏం రాయాలో అడగలేదు.

అక్క ఏడుస్తుందేమోనని కాఫీ పెట్టి ఇచ్చాను. తను నవ్వేసి, "తప్పని రాయాలన్నా చివరిదాకా చదవాలి కదరా! ఆ తొమ్మిదిమందీ చదివారో లేదో ఎవడికి తెలుసు?" అంది.

పిక్కలు కొట్టేటప్పుడు నేను పంపిన గ్లౌజులు వేసుకుంటున్నావా, బీరువాలో దాచావా? నాన్నగారు బీపీ మాత్రలు మానేయలేదు కదా? వచ్చేవాళ్లెవరైనా ఉంటే అక్కకు ఎండురొయ్యలు పంపు. నాన్నగారికి నా వందనాలు చెప్పు.

ఇక నా తప్పు. ఆ పేపరు ఎప్పుడో చదివేశానని ఏడేళ్లుగా మీకు కోతలు కోస్తున్నాను. నిజానికి నిన్ననే చదివాను. చివర్లో కృతజ్ఞతల కింద అక్క ఇంగ్లీషులో రాసుకుంది: "మా అమ్మ సంపూర్ణమ్మ చేతులే నన్ను మొదట ఈ ప్రశ్న అడిగాయి."

సాక్ష్యంలో ఇది చెప్పమ్మా.

నీ శ్యాంబాబు