బావి పక్కన బోరు

ఇంటి దగ్గర్నుంచి,
ఆదివారం మధ్యాహ్నం

నాన్నకి,

నీ చిన్నకూతురు నమస్కారాలు పెట్టి రాస్తున్న ఉత్తరం. నేను బాగానే ఉన్నాను. నువ్వూ బాగున్నావనే అక్క అంటోంది గానీ, వాళ్లింట్లో గ్లాసు నీళ్లిస్తే వాసన చూసి పక్కన పెట్టేస్తున్నావట. బావ కొత్త ఫిల్టరు పెట్టించినా అంతేనట. ఫోన్ చేస్తే తీయవు. అందుకే ఈ ఉత్తరం. చింపెయ్యకు, చివరిదాకా చదువు.

మూలమీది పెట్రోలు బంకు మూసేశారు. నేలలో పాతిన ట్యాంకులు చిల్లులు పడి ఎప్పట్నుంచి కారుతున్నాయో ఎవడికీ తెలీదు, తెలిసినవాడు నోరు విప్పడు. ఆ పెట్రోలు మట్టిలో ఎంత దూరం పాకిందో చూడ్డానికి వీధి పొడుగునా బోర్లు వేస్తున్నారు. తాగడానికి కాదు, నీళ్లు తీసి పరీక్ష చెయ్యడానికి. వేసేది మా రిగ్గే. పుట్టి పెరిగిన వీధికి నా చేత్తోనే తూట్లు పొడుస్తున్నాను, చూడు నా రాత.

నీకు మట్టిపనంటే ఇష్టం కదా, పని ఎలా ఉంటుందో చెబుతాను. నువ్వు తవ్వింది మనిషి దిగే బావి. మాది చెయ్యి పట్టేంత కన్నం. అందులోకి సన్నటి చీలికలున్న పైపు దింపుతాం, నీళ్లు వస్తాయి, మట్టి రాదు. చుట్టూ కడిగిన ఇసుక పోస్తాం. పైన బంకమట్టి గుళికలు వేసి తడిపితే అవి ఉబ్బి, వాన చుక్క కూడా దిగకుండా మూసేస్తాయి. పైపుల్ని మర తిప్పి బిగించాలి తప్ప జిగురు పూయకూడదు. ఆ జిగురు నీళ్లలో కలిసి ల్యాబులో అబద్ధం చెబుతుంది. కింద ఉన్నదే పైకి రావాలి, మన చేతిది ఒక్క చుక్క కలవకూడదు అంటాడు మా మేస్త్రి. జనరేటర్లో డీజిలు పోసిన గ్లౌజులతో పైపు ముట్టుకున్నవాడికి ఆ రోజు మూడినట్టే.

ఆయన నన్ను టపాకాయ అని పిలుస్తాడు. నిప్పు తేవద్దని బోర్డు పెట్టి మరీ ఈ టపాకాయని తెచ్చుకున్నాను, నాకు బుద్ధి లేదు అని అందరి ముందూ నెత్తి కొట్టుకుంటాడు. బంకు యజమాని తరఫున రోజూ ఒకాయన వస్తాడు. నలగని ఇస్త్రీ చొక్కా, బురద తగలని బూట్లు. ఇన్నేళ్లు ఈ నీళ్లే తాగారుగా, ఏమైందట అన్నాడు మొన్న. మా అమ్మ పోయింది, అదే అయింది అన్నాను. నా చేతిలో పైపు రెంచి ఉంది. మేస్త్రి వచ్చి అది లాక్కుని, ముందు వెళ్లి టీ తాగి రా పో అని గదమాయించాడు.

ఇక అసలు సంగతి. మన పెరట్లో, నీ బావి పక్కనే ఒక బోరు వేశాం. నేనే అడిగి వేయించాను. బావి అన్నాక పైనుంచి ఏదైనా పడొచ్చు, మూసిన బోరైతే దాని మాట నిలుస్తుంది అని ల్యాబు మేడమ్ కూడా అంది. నువ్వు తవ్వుతుంటే అమ్మ పైనుంచి తట్టలు లాగిన గిలక అలాగే ఉంది, తుప్పు పట్టి. రిగ్గు అదురుకి అది కిర్రుమంటుంటే నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను.

అమ్మ రక్తం పరీక్ష చూసి, మీరు ఏ నీళ్లు తాగుతారు అని డాక్టరు అడిగాడే, ఆ రోజు నుంచి నువ్వు మూగవాడివైపోయావు. నేను తవ్విన బావే మీ అమ్మని మింగేసింది అని అక్క దగ్గర ఏడ్చావట. ఆ మాట తేల్చడానికే ఈ బోరు.

విను. మొదట తీసిన నీళ్లు వాసన వేశాయి. పైన రంగురంగుల పొర కూడా తేలింది. కానీ తప్పు నాదే నాన్నా. డీజిలు పోసిన గ్లౌజులతోనే పైపు పట్టుకున్నాను. మేస్త్రి చెడామడా తిట్టాడు. పైపు పీకేసి, అన్నీ కడిగి, కాస్త జరిగి మళ్లీ వేశాం. ఈసారి మంచి నీళ్లొచ్చాయి. నీ బావి ఏ పాపమూ ఎరగదు. అమ్మ జబ్బు ఇంకెక్కణ్నుంచో వచ్చింది.

కాబట్టి వచ్చెయ్. నీ కళ్లజోడు కిటికీలోనే ఉంది, రోజూ దుమ్ము తుడుస్తున్నాను.

ఇట్లు,
నీ కోపిష్టి కూతురు

తా.క. కవరులో పెట్టాను గానీ అంటించలేకపోయాను. ఆ గ్లౌజుల కథ అబద్ధం. అది కూడా నా సొంతం కాదు, ఇస్త్రీ చొక్కాది. నిన్న మన పెరట్లోకొచ్చి, అమ్మాయ్, పనిలో పొరపాట్లు సహజం, డీజిలు గ్లౌజులతో పట్టుకున్నానని ఒక్క మాట చెప్పు, ఈ బోరు లెక్కలోకి రాదు, మీ నాన్న మనసూ కుదుటపడుతుంది అన్నాడు. నీ సంగతి వాడికెవరు మోశారో. నేను వాణ్ని కొట్టలేదు నాన్నా. నిలబడి ఆలోచించాను. దానికే నాకు భయం వేసింది.

రాస్తే ఎలా ఉంటుందోనని పైన రాసి చూశాను. బాగానే ఉంది. నువ్వు నమ్ముతావు, వచ్చేస్తావు. కానీ నిన్ను విడిపించే మాటే వాణ్నీ విడిపిస్తుంది. వెనక వీధివాళ్లు ఇంకా అవే నీళ్లు తోడుకుంటున్నారు.

నా గ్లౌజులు కొత్తవి. మేస్త్రి కళ్లముందే ప్యాకెట్టు చింపి తొడుక్కున్నాను. అమ్మ తట్టలు లాగిన చోట నేనా ఆ పొరపాటు చేసేది! రెండో బోరు వెయ్యనే లేదు. వాసన వచ్చినప్పుడు మేస్త్రి నన్ను తిట్టలేదు, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. రేపు ల్యాబు మేడమ్ అడిగితే ఉన్నదే చెబుతాను.

అమ్మ తాగింది ఆ నీళ్లే. అందులో పెట్రోలు కలిపింది నువ్వు కాదు. మొదటి మాట దాచి రెండోది చెప్పడం నాకు చేతకాలేదు. మళ్లీ మొదట్నుంచి రాసే ఓపికా లేదు, ఇలాగే పంపుతున్నాను. నువ్వు రాకపోయినా సరే. అక్క ఇచ్చే నీళ్లు మాత్రం తాగు. వాసన చూసే తాగు, కానీ తాగు నాన్నా.