ఎనిమిది మీద నాలుగు గీతలు

యాప్రాల్,
ఆదివారం.

ప్రియమైన అత్తయ్య గారికి,

మీ కోడలు దివ్య నమస్కారాలు. ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని మీ చెల్లెలు గారు నవ్వుతారేమో, నవ్వనివ్వండి. ఫోన్లో నేను చెప్పేది మీకు సగం వినబడదు. వినబడాలని గట్టిగా అరిస్తే మొత్తం మీ అబ్బాయికి వినబడుతుంది. ఇక నేను ఎవరితో చెప్పుకున్నట్టు?

మీరు రేపల్లె వెళ్ళాక ఇంట్లో మాటలు బాగా తగ్గిపోయాయి. గాలి జవహర్‌నగర్ చెత్తకుప్పల వైపు నుంచి తిరిగిన రోజున ఆ కంపుకి కిటికీలన్నీ మూసుకుని, ఆయన హాల్లో, నేను పడగ్గదిలో కూర్చుంటాం. గొడవేమీ లేదు. గొడవుంటే బాగుండునని కూడా అనిపిస్తుంది ఒక్కోసారి. చూశారా, మొదటి పేజీలోనే తిక్క మాటలు మొదలెట్టాను.

అసలు సంగతికి వస్తాను. నేనొక డబ్బా చేస్తున్నాను. వంటింటి డబ్బా కాదు, కంప్యూటర్ డబ్బా. వెంచర్ల వాళ్ళకి, ఇంకా కట్టని ఇళ్ళు కట్టాక ఎలా ఉంటాయో కంప్యూటర్లో బొమ్మలు గీసి ఇచ్చేదాన్ని కదా. నేను ఆసుపత్రి నుంచి వచ్చాక మీ అబ్బాయి ఆ కంప్యూటర్ని అటకెక్కించి దుప్పటి కప్పేశారు. "కొన్నాళ్ళు రెస్ట్ తీసుకో" అన్నారు. మీరూ అక్కడే ఉన్నారు. మంచి మాటే కదా అనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పుడు దాన్ని దింపకుండా, లోపలి సామాను మాత్రం ఒక్కొక్కటే విప్పుకుని తెచ్చుకుంటున్నాను. అటక మీద ఖాళీ డొల్ల ఒకటే దుప్పటి కప్పుకుని పడుకుంది. మీ అబ్బాయికి తెలియదు. మీరూ చెప్పకండి.

ఆ సామాను పెట్టుకోవడానికి చిన్న డబ్బా కావాలి. బజార్లో దొరుకుతాయి, కానీ నా చేతులతోనే చేయాలనిపించింది. ఎందుకనిపించిందంటే చెప్పలేను. మేడ్చల్ దాటాక అత్వెల్లి రోడ్డు మీద గాలయ్య అని గేట్లు, కిటికీ గ్రిల్స్ చేసే ఆయన షెడ్డుంది. మూల ఒక బల్ల ఇచ్చాడు. అల్యూమినియం రేకు నేనే కోసుకుంటాను, అంచులు ఆకురాయితో నేనే రుద్దుకుంటాను. వంచడం మాత్రం ఆయన మిషను మీద. అరచేతులు బొబ్బలెక్కాయి. మీ అబ్బాయి చూసి అంట్లు ఎక్కువయ్యాయా అని అడిగారు.

గాలయ్య మహా వాగుడుకాయ. మొదటి రోజే నా కాగితం చూసి, "గిదేంది మేడమ్, కోళ్ళగూడా?" అన్నాడు. కంప్యూటర్‌కి అన్నాను. "మీ ఇంట్ల జాగ లేదా?" ఉంది అన్నాను. "మరి పెద్దగనే జేసుకోరాదు? జాగ నీదే, రేకు నీదే, గీ పరేషాన్ ఎందుకు?" అన్నాడు. చిన్నదే కావాలి అన్నాను, మొండిగా, చిన్నపిల్ల చాక్లెట్ కోసం పేచీ పెట్టినట్టు.

వాళ్ళావిడ రుక్కమ్మతో ఇంకో తమాషా. లోపల వేడెక్కకూడదు కదా, అందుకని రేకు చూపించి "ఇక్కడంతా బొక్కలు పెట్టాలి" అన్నాను. ఆవిడ టీ గ్లాసు కింద పెట్టేసి, "ఎవల బొక్కలు బిడ్డా?" అంది. గాలయ్య పడీ పడీ నవ్వాడు. వీళ్ళకి బొక్కలంటే ఎముకలట! "గివి తూట్లు బిడ్డా, తూట్లు" అని నేర్పింది. ఆవిడ మాటకోసారి నన్ను బిడ్డా అంటుంది. ఇక్కడ అమ్మాయిల్ని అలాగే పిలుస్తారని తెలిసి కూడా, ఆ మాట విన్నప్పుడల్లా వెనక్కి తిరిగి ఎవరినో చూస్తాను.

ఇంతకీ నాకొక సాయం కావాలి. మీరు పట్టుకెళ్ళిన నా నీలం సూట్‌కేసు, గట్టి మూత ఉన్నది, దాని లోపలి ఎత్తు ఎంతో కొలిచి రాయండి. పొడుగూ వెడల్పూ నాకు గుర్తే, చాలినంత ఉన్నాయి. ఎత్తే గుర్తులేదు. ఎందుకని అడక్కండి. డబ్బాకి ఏదో ఒక కొలత అనుకోవాలి కదా, అందుకే.

మీ మోకాలికి నూనె రాస్తున్నారా?

మీ
శ్రీదివ్య

* * *

రేపల్లె,
శుక్రవారం.

చిరంజీవి దివ్యకు అత్తయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం మా చెల్లెలు నిజంగానే నవ్వుతూ తెచ్చి ఇచ్చింది. చదివి నేనూ నవ్వాను, బొక్కల దగ్గర. తర్వాత నవ్వలేదు. నువ్వు అడగొద్దన్నావు కాబట్టి అడగను.

సూట్‌కేసు కొలిచాను. లోపలి ఎత్తు ఎనిమిది అంగుళాల మీద నాలుగు గీతలు. మా చెల్లెలి కొడుకు దీక్షిత్ వచ్చే నెల పనిమీద హైదరాబాద్ వస్తాడు, వాడి చేత సూట్‌కేసు పంపిస్తాను. మోకాలికి నూనె రాస్తున్నాను. నువ్వు అన్నం వేళకి తింటున్నావా? ఆ రేకులతో చేతులు కోసుకోకు.

నీ అత్తయ్య
పార్వతీదేవి

* * *

యాప్రాల్,
బుధవారం.

ప్రియమైన అత్తయ్య గారికి,

డబ్బా అయింది. అయింది కానీ అవలేదు. ఎక్కడినుంచి మొదలెట్టాలో తెలియడం లేదు, వరస తప్పితే సర్దుకుని చదువుకోండి.

నేను వెళ్ళిపోదామనుకున్నాను అత్తయ్యా. ఇదిగో, రాసేశాను. నా స్నేహితురాలు నవ్యశ్రీ, మన గృహప్రవేశానికి వచ్చి మీ పులిహోర మూడుసార్లు వడ్డించుకున్న పిల్ల, శామీర్‌పేటలో ఒక పోర్షన్ అద్దెకు తీసుకుంది. ఒక గది నాకిస్తానంది. డబ్బా చేతిలో పట్టుకుని గేటు దాటితే కాలనీ అంతా అడుగుతుంది, మీ అబ్బాయి అడుగుతారు. సూట్‌కేసులో పడితే పుట్టింటికి వెళుతున్నట్టే ఉంటుంది. గాలయ్య ఎందుకింత చిన్నది అని అడిగితే పేచీ పెట్టింది జవాబు తెలియక కాదు, పైకి చెప్పుకోలేక. అసలు మీకు కూడా చెప్పకుండా వెళ్ళిపోయేదాన్నేమో. అది తలచుకుంటే సిగ్గేస్తోంది.

ఎందుకు అని మీరు అడుగుతారు. ఆసుపత్రి నుంచి వచ్చిన వారం మీరొక సాయంత్రం కూరగాయలకి వెళ్ళారు. మీ అబ్బాయి నా పక్కన కూర్చుని ఏడ్చారు. ఏడుస్తూనే, "ఆ డబ్బా వేడి ముందు పగలంతా కూర్చోకపోతే మన బిడ్డ మనకి దక్కేదేమో దివ్యా" అన్నారు. డాక్టరమ్మ ఎవరి తప్పూ లేదని మా ఇద్దరికీ ఎదురుగా చెప్పింది, ఆయన తలూపారు కూడా. అయినా ఆ మాట అన్నారు. అని, నా కాళ్ళు ఒళ్ళోకి తీసుకుని నొక్కారు. తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని. ఏడుస్తూ, కాళ్ళు నొక్కుతూ అన్న మాటకి ఏం జవాబు చెప్పను? ఆయనకి ఆ మాట గుర్తుందో లేదో. నాకు మాత్రం అది పోవడం లేదు. ఆయన మంచినీళ్ళు అందించినా, జ్వరం చూద్దామని నుదురు ముట్టుకున్నా, ముందు ఆ మాటే గుర్తొస్తుంది. డబ్బాకి అన్ని తూట్లు ఎందుకు పెట్టుకున్నానో మీకిప్పుడు అర్థమై ఉంటుంది. గాలయ్య "ఇగ జాలు మేడమ్, గిన్ని తూట్లు బెడితే రేకేం మిగుల్తది?" అని డ్రిల్లు లాక్కున్నాడు.

డబ్బా మాత్రం బాగా వచ్చింది. అడ్డమూ ఎత్తూ ఒకే కొలత. రివెట్లు వరసగా పడ్డాయి, ఒకటి తప్ప. అది వంకర పోయినా తీయలేదు. ఇంటికి తెచ్చి సామాను బిగించి మీట నొక్కితే ఫ్యాను తిరిగింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడిపి పైన చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది. చల్లగా ఉందని ఎవరికో చూపించాలనిపించి, చూపించడానికి ఇంట్లో ఎవరూ లేక వంటింట్లో నిలబడి ఏడ్చాను.

నిన్న దీక్షిత్ సూట్‌కేసు ఇచ్చి వెళ్ళాడు. డబ్బా అందులో పెట్టాను. మూత పడలేదు. అటు తిప్పాను, ఇటు తిప్పాను. మూత మీద కూర్చున్నాను కూడా. చిటికెన వేలు పట్టేంత సందు ఉండిపోయింది.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. డబ్బా స్కూటీ మీద కట్టుకుని అత్వెల్లి పరిగెత్తాను. గాలయ్యకి అంగుళాలూ సెంటీమీటర్లూ నోటికి రావు, అంతా సూత్. అంగుళంలో ఎనిమిదో వంతు సూత్ అట. మీ నాలుగు గీతల్ని ఆయన నాలుగు సూత్‌లనుకుని, నేను కాస్త తగ్గించమంటే ఒక సూత్ తగ్గించి వంచాడు. మీరు స్టీలు టేపుతో కొలిచి ఉంటారు, అందులో గీతలు ఇంకా సన్నం, సూత్‌లో సగమే. అందరి ముందూ ఆ మాటే అన్నాను. "గీతంటే సూతే గద మేడమ్, ఇంకేముంటది? చిట్టీ సూడు, డబ్బా సూడు. ఒక్క సూత్ ఫరక్ ఉంటే నన్నడుగు" అన్నాడు. టేపు పెడితే చిట్టీలో ఉన్నట్టే ఉంది. ముఖం మాడ్చుకుని కాసేపు అటు తిరిగి కూర్చుని, మళ్ళీ ఆయనే, "తీస్కరా, కొంచెం కోసి మల్ల మలుస్త. జల్దీ అయితది" అన్నాడు.

నేను వద్దన్నాను.

ఎందుకు వద్దన్నానో తెలియదు అత్తయ్యా. నోట్లోంచి వచ్చేసింది. షెడ్డు గట్టున కూర్చుండిపోయాను. రుక్కమ్మ వచ్చి నా గడ్డం పట్టుకుని, "ఏం బిడ్డా, ఏడుస్తున్నవా నవ్వుతున్నవా?" అంది. నాకే తెలియదని చెప్పాను. "గట్లనా, అయితే చాయ్ తాగు" అంది.

ఇంటికొచ్చి సూట్‌కేసు ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. టేపు చేతిలోనే ఉంది, కొలవలేదు. కొలిస్తే ఏదో ఒకటి తేలిపోతుందని భయం. చివరికి ఇలా అనుకున్నాను: పట్టలేదంటే వెళ్ళొద్దనే కాబోలు. ఇంత కష్టపడి చేసిన డబ్బా, ఆ కాస్త సందుకి ఆగిపోయిందంటే మామూలు సంగతా? అందుకని ఉండిపోతున్నాను. నవ్యశ్రీకి రాననే చెప్పాను. డబ్బాని మంచం కిందకి తోశాను. మీ అబ్బాయికి రాత్రి చపాతీలు చేశాను. బాగున్నాయన్నారు.

నేను చేసింది సరైనదేనా? సరైనదే అని రాయండి.

మీ
శ్రీదివ్య

* * *

రేపల్లె,
సోమవారం.

దివ్యా,

సరైనదే అని రాయమన్నావు. రాయలేను తల్లీ.

ఆ సూట్‌కేసు లోపలి ఎత్తు ఎనిమిది. ఒట్టి ఎనిమిది. గీతల్లేవు. ఆ నాలుగు గీతలూ నేను కలిపాను.

కంప్యూటర్ డబ్బాకి సూట్‌కేసు లోపలి కొలత అడిగిన కోడలు ఎక్కడికో బయలుదేరిందని తెలుసుకోలేనంత పిచ్చిదాన్నా నేను? వద్దని రాస్తే వింటావో వినవో అని భయం. ఎందుకు వెళుతున్నావని అడిగితే చెబుతావేమోనని ఇంకో భయం. నాలుగు గీతలు కలిపితే దానంతటదే ఆగిపోతుందనుకున్నాను. స్టీలు టేపు గీతలు సన్నమని నువ్వు ఆ పెద్దమనిషి మీద ఎగిరావే, అతని తప్పు ఏమీ లేదు. వెళ్ళి చెప్పు. నా పేరు చెప్పే చెప్పు, మా అత్త అబద్ధాలకోరు అని.

నీ ఉత్తరం చదవగానే ముందు సంతోషించాను. దాచను. ఉండిపోతోంది, చాలు అనుకున్నాను. మధ్యాహ్నం మళ్ళీ చదివి, కంచం పక్కన పెట్టి ఈ కాగితం తీశాను. నీకే ఉండాలనిపించి ఉండిపోయుంటే నేను రేపల్లె అంతా చెప్పుకునేదాన్ని. మూత పడలేదని ఉండిపోతే, రేపు ఇంకో సూట్‌కేసు కనబడిన రోజున నీ గతేమిటి? నా అబద్ధం మీద నువ్వు చపాతీలు చేసుకుంటూ బతకడం నాకొద్దు.

వాడన్న మాట నాకు తెలియదు. తెలిసుంటే ఆ రోజే చెంప పగలగొట్టేదాన్ని, నా కొడుకైతే మాత్రం ఏం. ఏడ్చాడు కాబట్టి వాడి మనసు మంచిదే అనకు, ఏడుస్తూ అన్నా ఆ మాట తప్పే. ఆ పాపో బాబో పోయింది నీ కంప్యూటర్ వల్ల కాదు. ఇది నేను చెబుతున్నాను, నీ చెవిలో వేసుకో. కానీ వాడికి ఎదురుగా ఈ మాట చెప్పాల్సింది నేను కాదు, నువ్వు. అటక మీది దుప్పటి లాగి ఆ ఖాళీ డొల్ల చూపించు. నువ్వు చేసిన డబ్బా హాల్లో బల్ల మీద పెట్టి, వాడి చెయ్యి పట్టుకుని దాని మీద ఆనించు. ఎంత వేడిగా ఉందో వాణ్ణే చెప్పమను. వాడేమంటాడో విను. అప్పుడు వెళతావో ఉంటావో నువ్వు తేల్చుకో. వెళితే శామీర్‌పేట ఎంతలే, మోకాలు కుదుటపడగానే నీ దగ్గరికే దిగుతాను. ఆ గాలయ్య కోసిస్తానంటే వద్దన్నావే, అందులో నీ మనసు కొంత ఉండే ఉంటుంది. కొంత భయమూ ఉంటుంది. ఏదెంతో నాకు తెలియదు, తెలిసినట్టు రాయను.

దీక్షిత్ గురువారం మళ్ళీ వస్తున్నాడు. మీ మావయ్య యజ్ఞనారాయణ గారి తోలు సూట్‌కేసు ఇచ్చి పంపుతున్నాను. ఆయన క్యాంపులకి పట్టుకెళ్ళింది, పెద్దదే. నీ డబ్బా అందులో పడుతుందా అని అడుగుతావేమో.

ఈసారి నేను కొలవలేదు. నువ్వే కొలుచుకో.

నీ అత్తయ్య
పార్వతీదేవి