నలభై రెండు పిడకలు

ఈపూరు,
4 మార్చి 1947

చిరంజీవి చిన్నకోటయ్యను అక్క దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, రాముడు, బసవడు ముగ్గురం క్షేమం. ఎడ్లను మనుషుల్లో కలిపానని నవ్వకు, ఇంట్లో ఉన్నది మేమే. మద్రాసు కూడు నీకు పడుతున్నదో లేదో రాయనే లేదు.

ఎడ్లు చిక్కాయా అని అడిగావు. చిక్కలేదు. పేడ కింద పడకుండా నువ్వు కట్టిన గోతాం సంచి విప్పిన రోజు బసవడు వాకిట్లో నాలుగు గంతులు వేశాడు. పచ్చిగడ్డి కోసి తొక్కి నువ్వు గోతిలో పూడ్చిన పాతరలో మిగిలినదానికి బూజు పట్టలేదు, ఆ పులుపు వాసన అట్లాగే ఉంది. మొదట్లో ముఖం తిప్పుకున్న రాముడు ఇప్పుడు తట్ట చూస్తేనే మూతి చాస్తున్నాడు. నా ఆరోగ్యానికేం లోటు లేదు. తుమ్మకంప పొయ్యిలో పెడుతున్నాను, పొగకు కళ్ళు మండుతున్నాయి, అంతే.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తిన్న గడ్డిలో పీచెంత, పేడలో తిరిగొచ్చిన పీచెంత, ఆ రెంటికీ ఉన్న తేడాయే ఎద్దుకు అరిగినదని ఎంత విడమరచి రాశావు! ఆ ముక్క ఇక్కడున్నప్పుడే చెప్పి ఉండాల్సింది. పాతరగడ్డి నూటికి డెబ్బైమూడు పాళ్ళు అరిగిందని మీ పై దొరగారు మెచ్చుకున్నారనీ, పదిహేనో తేదీ సభలో ఆ లెక్క నీ చేతే చదివిస్తారనీ, ఆపైన నీ ఉద్యోగం ఖాయమనీ రాశావు. సంతోషం పట్టలేక పక్కింటి మౌలాలీ మామకు చదివి వినిపించాను. మనల్ని చూసి వానాకాలంలో ఆయన కూడా ఓ పాతర వేశాడుగా.

"ఇంకేందమ్మాయ్, నా జొన్నచొప్ప వామి అమ్మేస్తా. ఎండాకాలం ఎడ్లకు ఆ పాతరగడ్డి చాలు" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చాయి నాకు నా పిడకలు.

తమ్ముడూ, నువ్వు మేతా పేడా తూచిన ఆ పది రోజులూ, సంచుల్లో పేడ పోసి ఉంచిన తొట్టిలోంచి కొంత తీసింది నేనే. నువ్వు పొద్దున్నే తూచి, ఈగలు ముసరకుండా ఘాటు మందు కలిపేసేవాడివి. ఆ పేడ పిడకకు పనికిరాదు. రెండెడ్ల పేడ అట్లా మందుపాలవుతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను. నువ్వు లేవకముందే తట్టెడు తీసి దొడ్డిగోడకు పిడకలు కొట్టాను. మేత తూచేటప్పుడు మాత్రం ఒక్క పరక కింద పడనివ్వలేదు. ఎద్దు తిన్నదే లెక్క, పేడ తూచటం నీ పిచ్చి అనుకున్నాను. నేను ఎత్తుకుపోయిందంతా ఎడ్లకు అరిగిపోయినట్టు నువ్వు రాసుకున్నావు.

ఆ పూటే మౌలాలీ మామ ఇంటికి వెళ్ళాను.

"మామా, చొప్ప అమ్మమాక. ఆ లెక్క తప్పు."

"ఏందే, మీ తమ్ముడికి తూచటం రాదా?"

"వాడికొచ్చు. నేనే పేడ దొంగిలించా."

సంగతంతా విని చొప్ప అమ్మనన్నాడు. తర్వాత, "నాకు చెప్తివి, సరే. వాడికి చెబితే వాడి కొలువేంగాను?" అన్నాడు. రెండు రోజులు కాగితం ముందు పెట్టుకుని లేచిపోయాను. నాన్న పోయాక నిన్ను చదివించిన నేనే నీకు తలవంపులు తెస్తున్నానని ఏడుపొచ్చింది. కానీ నీ మాట నమ్మి మౌలాలీ మామ వామి అమ్మబోయాడు. సభలో చదివాక ఇంకెన్ని ఊళ్ళలో అమ్ముతారో.

నా అదృష్టం కొద్దీ ఆ పిడకలు ఒక్కటీ కాల్చలేదు. ఊక కూడా కలపలేదు. మొత్తం నలభై రెండు. నీ త్రాసు మీదే తూస్తే ఎనిమిదిన్నర వీసెలు తూగాయి. రెండు పిడకలు గుడ్డలో చుట్టి, ఈ ఉత్తరంతో పాటు మామ బండిలో వినుకొండ పోస్టాఫీసుకు పంపుతున్నాను. పీచెంతో చూసుకుని, డెబ్బైమూడు కొట్టేసి నిజం రాయి. తప్పెవరిదని దొరగారు అడిగితే దాచకు. శేషారత్నం అని నా పేరు పూర్తిగా రాయి.

మిగిలిన నలభై చూరు కింద పేర్చి ఉంచాను. నువ్వు వచ్చి తూచేదాకా కంపతోనే వండుకుంటాను.

ఇట్లు,
నీ అక్క
శేషారత్నం