మెరిసిన అర్ధపెన్నీ

2019 మార్చి 4, సోమవారం

పాతకాలపు జార్జ్ రాజుగారికీ, చట్టానికీ, రాగి లోహానికీ, దీన్ని ఎన్నడూ చదవని లోకానికీ సాష్టాంగపడి క్షమాపణలు. ఈ పుటల్లో ఘోరాలున్నాయి. ముఖ్యంగా అసూయ.

ఇవాళ మా బర్మింగ్‌హామ్ నాణేల క్లబ్బులో మిసెస్ పాస్క్ బాంబు పేల్చింది. చూపు మందగించిందట. వచ్చే నెల ప్రదర్శనలో ఎవరి నాణెం తనకు నచ్చితే వాళ్ళకి తన నాణేల పళ్ళెం, అదే, గుంటల్లో నాణేలు అమర్చిన చెక్క పళ్ళెం, ఇచ్చేస్తుందట. అందులో నూటపద్నాలుగు రాగి అర్ధపెన్నీలు! రెండు వందల ఏళ్ళకి పైబడినవి. మా ఊరి ఘనులు రాజు బొమ్మ కాపీ కొట్టి, పక్కన రాజు బిరుదుకి బదులు 'జార్జ్ రూల్స్', అంటే 'జార్జ్ ఏలుతున్నాడు', అని చెక్కారు. అచ్చంగా రాజు నాణెంలా లేదు కనుక దొంగనాణెం అని పట్టుకోవడానికి వీల్లేదు. ఏం బుర్రలు!

ఆ పళ్ళెం కోసం నాలుగేళ్ళుగా ఆమె టీలో చక్కెర కలుపుతున్నాను.

మార్చి 9, మధ్యాహ్నం 12

డెస్మండ్‌కి దొరికింది. బాత్‌రూములు బిగించే డెస్మండ్, క్లబ్బులో చేరి ఆరు వారాలైనా కాని డెస్మండ్! సంతలో, పాత గుండీల డబ్బాలో. పళ్ళెంలో ఖాళీగా మిగిలిన ఒకే ఒక్క గుంటకి కావలసిన రకం. నిగనిగలాడే చాక్లెట్ రంగు.

"గురూ, ఇది మంచిదేనంటావా?" అని నన్నే అడిగాడు.

పరవాలేదన్నాను. దవడ నొప్పి పుట్టింది.

మార్చి 17

డెస్మండ్ ఫోన్ చేశాడు. ఏవో సందేహాలు. తీర్చాను. మర్యాదస్థుణ్ణి.

మార్చి 18

దవడ నొప్పి పోయింది. ఆకలి బాగా వేసింది.

ఏప్రిల్ 1, సోమవారం

ప్రదర్శనలో డెస్మండ్ మూట విప్పాడు. అర్ధపెన్నీ కొత్త కుళాయిలా తళతళలాడుతోంది.

మిసెస్ పాస్క్ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, "వెనిగర్ వాసనేంటి నాయనా?" అంది.

"తోమానండి. ప్రదర్శన కదా, మెరవాలని" అన్నాడు.

"ఆ రంగు రావడానికి రెండు వందల ఏళ్ళు పట్టింది. చిప్స్ తిన్నంతసేపట్లో కడిగేశావు. చచ్చిపోయిందయ్యా అది! ఎవడు చెప్పాడు నీకు?"

డెస్మండ్ నా వైపు చూశాడు. తర్వాత తన బూట్ల వైపు.

"ఎవరూ చెప్పలేదండి. నా తెలివే" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కాస్త ఎక్కువగానే.

మిగతావాటిలో నా నాణెమే నచ్చిందని పళ్ళెం నాకిచ్చింది మిసెస్ పాస్క్.

ఏప్రిల్ 2, ఉదయం

డెస్మండ్ వ్యానులో వచ్చి ఆ నాణెం నా చేతిలో పెట్టాడు. "ఆ గుంట బోసిగా ఉంటే బాగోదు, ఉంచు గురూ" అన్నాడు. టీ తాగమంటే పనుందన్నాడు.

ఏప్రిల్ 3

వెనిగర్లో ఉప్పు వేసి అరగంట నానబెట్టమని చెప్పింది నేనే.