ఏడో నంబరు బస్సును మా వీధి నుంచి తరిమినవాళ్ళు

నేను, ముప్పై ఒక్క ఏళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరైన డ్రైవర్ని, వయసు అరవై ఎనిమిది, బుర్ర సరిగ్గా పనిచేస్తుండగా, ఎవరూ పక్కన కూర్చుని చెప్పకుండా, నా ఇష్టపూర్వకంగా రాస్తున్న వీలునామా ఇది. కోపంగా ఉన్నాను. కోపం వేరు, మతి చలించడం వేరు అని డాక్టరుగారు ఇచ్చిన సర్టిఫికెట్ జత చేశాను. ఇంతకు ముందు రాసినవేవీ చెల్లవు.

1. ఇంట్లో నా వాటా, అంటే తూర్పువైపు రెండు గదులు, వంటగది, ముందున్న పది అడుగుల ఖాళీ జాగాతో సహా, మా చెల్లెలికి సర్వహక్కులతో చెందాలి. ఆ జాగాలో మా అన్నయ్య ఇప్పుడు తన రెండో కారు పెడుతున్నాడు. నేను పోయిన మర్నాడే తీసెయ్యాలి. అక్కడ చెల్లెలు మొక్కలు వేసుకుంటుందో, ఊరికే కుర్చీ వేసుకుని కూర్చుంటుందో ఆమె ఇష్టం.

కారణం రాయకపోతే నన్ను పిచ్చివాడంటారు. అన్నయ్యకు వీధి చివర బట్టల కొట్టు. ఎదురు కొట్టువాడు కారు కొన్నాడని తనూ కొన్నాడు. ఇంటికీ కొట్టుకీ మధ్య మూడు వందల అడుగులు! కొడుక్కి మంచి సంబంధాలు రావాలని రెండోది కొన్నాడు. తన వాటాలో చోటు లేక అప్పట్లో రోడ్డు మీద పెట్టాడు. అతన్ని చూసి మరో తొమ్మిది మంది పెట్టారు. నా ఏడో నంబరు బస్సు మలుపు తిరగలేకపోయింది. హారన్ కొట్టీ కొట్టీ, దిగి వెళ్ళి అడిగితే, బస్సులో జనమంతా కిటికీల్లోంచి చూస్తుండగా, “బస్సెవడిక్కావాల్రా? కార్లు లేనోళ్ళకేగా!” అన్నాడు. ఆ నెలలోనే వీధివాళ్ళ సంతకాలు పోగేసి, బస్సును పెద్దరోడ్డుకు మళ్ళించమని అర్జీ పెట్టాడు. మళ్ళించారు.

మా చెల్లెలికి చిన్నప్పుడే పోలియో. ఎడమకాలికి ఇనప పట్టీలు. అయినా కళ్ళద్దాల వర్క్‌షాపులో అద్దాలు అరగదీసే పనికి పందొమ్మిదేళ్ళు ఒక్కతే వెళ్ళివచ్చింది, బస్సు ఇంటి ముందు ఆగేది కాబట్టి. “రేపట్నుంచి ఎలా వెళ్ళాలన్నయ్యా?” అని అడిగితే, ఆ పెద్దమనిషి తన రెండు కాళ్ళూ చూపించి, “పదకొండో నంబరు బస్సుందిగా!” అని నవ్వాడు. ఆ కాలితోనే పెద్దరోడ్డు దాకా నాలుగు నెలలు నడిచింది. వానలో జారి పడితే తుంటి విరిగింది. ఆసుపత్రి మంచం మీద కూడా, వర్క్‌షాపులో తను కూర్చునే స్టూలు ఇంకెవరికైనా ఇచ్చేస్తారేమోనన్న బెంగే.

2. జన్మలో కారు కొననని ఒట్టేసుకున్న నేను, ఆమె కోసం ఒక పాతది కొన్నాను. ఎంత చెప్పినా ముందు కూర్చోదు. బస్సులోలాగే వెనక, ఎడమ కిటికీ దగ్గర. “ఇందులో ఎవరూ మాట్లాడరన్నయ్యా. బస్సులో అయితే దిగేలోపు నలుగురి సంగతులూ తెలిసేవి” అంటుంది. ఆ కారు నాతో పనిచేసిన కండక్టరుకు. షరతు ఒకటే: చెల్లెల్ని పనిలో దించాలి, మలుపులో ఎవరు నిలబడి ఉన్నా ఎక్కించుకోవాలి. ఒక్కడే ఊరేగకూడదు. ఈ వీలునామా అమలు చేసే బాధ్యతా అతనిదే.

3. నా టీ ఫ్లాస్కు కూడా కండక్టరుకే. మూత బిగుసుకుంటుంది, విసుక్కోకుండా తిప్పాలి.

4. మా అన్నయ్యకు ఏమీ లేదు. బస్సు దిగి వచ్చే బేరాలు పోయి ఇప్పుడు కొట్టులో ఈగలు తోలుకుంటున్నాడు. అది నేనిచ్చింది కాదు, అతని స్వార్జితం. ఆ అర్జీ నకలు మాత్రం ఇస్తున్నాను, గోడకు తగిలించుకోవాలి.

5. బస్సును మళ్ళించాక, ఆఫీసు నుంచి ఆ నకలు తెచ్చుకున్న రోజునే చూశాను. పదిహేడో సంతకం నాది. నేను డ్యూటీకి పరిగెడుతుంటే, “రోడ్డు మీద గుంతలు పూడ్పించడానికిరా” అని అన్నయ్య ఆ కాగితం నా చేతికిచ్చాడు. చదవకుండా గీకేశాను. తొమ్మిదేళ్ళుగా ఆమెను పనిలో దించుతూ ఒక్కరోజూ ఈ మాట చెప్పలేదు. అందరూ నన్ను మంచి అన్న అంటుంటే విని ఊరుకున్నాను. చెల్లీ, నన్ను తిట్టు. వినడానికి నేనుండను, అయినా తిట్టు.

2025 ఆగస్టు 19, మంగళవారం.

(సంతకం)
డ్రైవరు, ఏడో నంబరు

సాక్షులు:

1. కళ్ళద్దాల వర్క్‌షాపు యజమాని.

2. మా వదిన, పైన చెప్పిన అన్నయ్య భార్య. ఆమె చేతిరాత: “మరిదీ, ఆ అర్జీలో పద్దెనిమిదోది నాది. అది మీ అన్న పెట్టమంటే పెట్టాను. ఇది నేనే అడిగి పెడుతున్నాను.”