సిలిండర్ మెడ మీది తేదీ

నోరీన్,

మనం కాపురముంటున్న ఈ బండింటి ఎడమ గ్యాస్ సిలిండర్ పట్టుకెళ్తున్నాను. కుడిది కొత్తదే, కాఫీకి దాని వాల్వ్ మెల్లగా తిప్పు. పాతదాని మెడ మీది తేదీకి పన్నెండేళ్లు దాటాయని నిన్న గ్యాస్ కొట్టు వెర్లిన్ నింపనన్నాడు. "పరీక్ష చేసి ముద్ర కొడితే ఇంకో అయిదేళ్లు. దేనికి పెద్దాయనా? మీ బండి ఈ ఎడారిలో కదలక మూడేళ్లాయె!" అని నవ్వాడు. కొట్టమన్నాను.

నీ తుంటి ఆపరేషన్ తర్వాత నువ్వు ఓరెగాన్ సముద్రానికి వెళ్దామన్న ఊసెత్తలేదు. నిన్ను నొప్పించకూడదని నేనూ ఎత్తలేదనుకున్నాను. నిజానికి, రానంటావని భయం. ఆ అయిదేళ్లలో ఒక్క వారం నాకివ్వు.

డెల్బర్ట్

సాయంత్రాలు రోడ్డుకేసి చూస్తూ నువ్వు కూర్చునే కుర్చీ బయట లేదని కంగారుపడకు. మడిచి బండిలోకి ఎక్కించాను.